పాత జపాన్ టీ చెంచాకి పేరు ఎందుకుంటుంది?

క్యోటో సంతలో మీరు కొన్న పాత వెదురు చెంచాను దాచే గొట్టం మీద ఏదో రాసి ఉందని, అది చెంచా పేరేనని అమ్మినాయన చెప్పాడని రాశారు. చెంచాకి పేరేమిటని అడిగారు. నగోయాలో ఉద్యోగం చేస్తున్నప్పుడు మూడేళ్లు ఒక పెద్దావిడ దగ్గర, అతిథులకు టీ చేసి ఇచ్చే జపాన్ పద్ధతి నేర్చుకున్నాను, అందుకే రాస్తున్నాను.

దాన్ని చషాకు అంటారు. మచ్చా అనే గ్రీన్ టీ పొడిని గిన్నెలో వేయడానికి వాడతారు. జానెడు కూడా ఉండదు. వెదురు బద్దను చెక్కి, కొసను వేడి చేసి వంచుతారు. టీ అయ్యాక అతిథులు చెంచాను చేతిలోకి తీసుకుని చూస్తారు. ఎవరు చెక్కారు, పేరేమిటి అని ముఖ్య అతిథి అడుగుతాడు. ఆ పేరే మెయి. ఎక్కువగా ఋతువునో, పాత కవితలోని మాటనో పెడతారు. నేర్చుకునేవాళ్ల మామూలు చెంచాకైతే ఆ రోజుకి తగ్గ పేరు మనమే చెప్పాలి. మొదటిసారి నన్ను అడిగినప్పుడు బయట జూన్ వాన పడుతోంది. తొలకరి గుర్తొచ్చి, వాళ్ల భాషలో 'తొలి వాన' అన్నాను. ఆవిడ కాసేపు వాన చప్పుడు వింటూ కూర్చున్నారు.

అన్నిటికన్నా నా మనసులో నిలిచిపోయిన పేరు 'నమిద', అంటే కన్నీరు. 1591లో అప్పటి జపాన్ పాలకుడు హిదెయొషి ఆజ్ఞతో ప్రాణం తీసుకోవాల్సి వచ్చిన టీ గురువు సెన్ నో రిక్యూ, చివరి రోజుల్లో తన చేత్తో చెక్కిన చెంచా అది. దాన్ని శిష్యుడు ఫురుత ఒరిబెకి ఇచ్చాడు. ఒరిబె దానికి నల్ల లక్క పూసిన గొట్టం చేయించి, పక్కన చిన్న కిటికీ కోయించాడు. ఆ కిటికీలోంచి చెంచాను చూస్తూ, గురువు పేరున్న స్మారక ఫలకానికి మొక్కినట్టు మొక్కేవాడట. 1615లో ఒరిబెకీ అదే శిక్ష పడింది. ఇప్పుడది నగోయాలోని తొకుగావ మ్యూజియంలో ఉంది. ఏడాదిలో కొద్ది రోజులే బయట పెడతారు. ఒక ఫిబ్రవరిలో వెళ్లి చూశాను. ఇంత సన్నటి వెదురు పుల్ల నాలుగు వందల ఏళ్లు నిలిచిందంటే, దాన్ని దాచుకున్నవాళ్లు ఎంత ప్రేమగా చూసుకున్నారో!

మీ గొట్టం మీద పేరు, చెక్కినవారి సంతకం రెండూ ఉండొచ్చు. ఫొటో తీసి, పాత చేతిరాత చదవగల టీ గురువుకి చూపించండి. చెంచాను మాత్రం నీళ్లతో కడగకండి, మెత్తటి పొడిబట్టతో తుడిస్తే చాలు. గొట్టాన్ని దాని నుంచి ఎప్పుడూ విడదీయకండి. పేరు ఉన్నది దాని మీదే.