మే నెలలో ఆ మొక్కలకు నీళ్లెవరు పోస్తారు?

ప్రశ్న: బీఆర్క్ మూడో ఏడాది చదువుతున్నాను. ఊరి శివార్లలో కొత్తగా వేసిన లేఅవుట్‌కు సస్టైనబుల్ కమ్యూనిటీ సెంటర్ డిజైన్ చేయమన్నారు. సోలార్ ప్యానెళ్లు పెట్టి, గోడల నిండా మొక్కలు గీశాను. జ్యూరీలో (డిజైన్లను పరిశీలించే నిపుణుల ముందు) పెడితే 'ఇదంతా అలంకారం' అనేశారు. ఈ రంగంలోనే స్థిరపడాలని ఉంది. ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) పరీక్ష ఇప్పుడే రాసేయాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: జ్యూరీ కటువుగా అన్నా తప్పు అనలేదు. వేసవిలో ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే కాలనీలో మీ గోడ మొక్కలను బతికించేదెవరు? పరీక్ష సంగతి పక్కన పెట్టి, ముందు దగ్గర్లోని ఏదైనా కమ్యూనిటీ హాల్‌కు మామూలు రోజున వెళ్లండి. చాలాచోట్ల ఫంక్షన్ ఉంటేనే తాళం తీస్తారు. పెద్దవాళ్లు బయట మెట్ల మీదే కూర్చుంటారు. మధ్యాహ్నం మూడింటికి పడమటి గోడకు చెయ్యి ఆనించి చూడండి. రాత్రి ఏడింటికి లోపలి వైపు మళ్లీ ఆనించండి. సాయంత్రం యోగా క్లాసులో ఫ్యాన్లు తిప్పేది ఆ వేడినే.

ఇక ప్లాన్ దానంతటదే మారుతుంది. పొడవాటి గోడలు ఉత్తర, దక్షిణాలకు వస్తాయి. మరుగుదొడ్లు, స్టోరు, మెట్లు పడమరకు పోయి ఎండకు అడ్డం నిలుస్తాయి. తాళం అక్కర్లేని వరండా ఒకటి పుడుతుంది. గోడకు ర్యాట్ ట్రాప్ బాండ్ అనే ఇటుకల పేర్పు ఆలోచించండి. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ విరివిగా వాడిన పద్ధతి. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెడతారు. మధ్యలో ఖాళీ ఉండటంతో వేడి నెమ్మదిగా దిగుతుంది, ఇటుకలూ దాదాపు పావు వంతు మిగులుతాయి. సైట్‌లో వేపచెట్టు ఉంటే ప్లాన్‌నే దాని చుట్టూ తిప్పండి. (లేఅవుట్ వేసేటప్పుడు జేసీబీ ముందు తోసేది చెట్లనే, అది వేరే బాధ.)

వీలైతే హైదరాబాద్‌లో 2004లో ప్రారంభమైన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూసి రండి. మధ్యలో ఖాళీ ఆవరణ, జాలీ (చిల్లుల) గోడలు, గాలిని లోపలికి దించే గాలి గోపురాలు పెట్టిన తీరు స్కెచ్ వేసుకోండి.

ఐజీబీసీ ఏపీ (అక్రెడిటెడ్ ప్రొఫెషనల్) పరీక్ష ప్రాక్టికల్ ట్రైనింగ్ అయ్యాక రాయొచ్చు. ఒక మాట ముందే చెబుతా: గ్రీన్ కన్సల్టెన్సీల్లో మొదట్లో చేతికొచ్చేది డిజైన్ కాదు, భవనాలకు గ్రీన్ రేటింగ్ తెచ్చే పత్రాలూ ఎక్సెల్ షీట్లే. అది విసుగనిపిస్తే విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (స్పా)లో సస్టైనబుల్ ఆర్కిటెక్చర్‌లో ఎంఆర్క్ ఉంది. జ్యూరీకి చూపిన పాత డిజైన్ షీటు మాత్రం పారేయకండి. కొత్తదాని పక్కనే పోర్ట్‌ఫోలియోలో పెట్టండి, ఇంటర్వ్యూలో 'ఎందుకు మార్చావు?' అని వాళ్లే అడుగుతారు.