తిరుపతిలో తెల్లవారకముందే కూసే కోయిల ఆడదా, మగదా?

"కుహూ... కుహూ" అని గొంతు పెంచుకుంటూ పోయేది మగ కోయిలే, ఆడది "కిక్ కిక్ కిక్" అని గబగబా అరుస్తుంది అంతే.

వేసవి మొదలైతే వాటికి జతకట్టే కాలం. ఆడదాన్ని పిలవడానికి, ఇది నా చోటు అని మిగతా మగవాటికి చెప్పడానికి మగది కూస్తుంది. కోయిల సొంతంగా గూడు కట్టుకోదు, కాకి గూట్లో గుడ్లు పెడుతుంది కాబట్టి కాకులు గూళ్లు కట్టే రోజులూ దీని కూతల రోజులూ కలిసొస్తాయి. ఊళ్లో కాకులకు కొదవ లేదు, తినడానికి వేప, రావి, మర్రి పండ్లున్నాయి, ఇక శేషాచలం అడవికే పోవాల్సిన పని దానికీ లేదు, వినడానికి మనకీ లేదు.

ఉదాహరణకి ఏప్రిల్‌లో ఆటోల హారన్లు మొదలవకముందే ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్ చెట్ల కిందకి వెళ్లి, కూత విన్న కొమ్మల్లో వెతకండి. నిగనిగలాడే నలుపు, ఎర్రటి కళ్లు ఉంటే మగది. గోధుమరంగు ఒంటి మీద తెల్లటి చుక్కలు, చారలు ఉంటే ఆడది, దాన్ని చాలామంది వేరే పక్షి అనుకుంటారు. ఆకుల్లో దాక్కుంటుంది, కాస్త ఓపిక కావాలి.

మామిడి చిగుళ్లు తిని అంత తీయగా కూస్తుందనేది కవుల మాట. అది ముఖ్యంగా పండ్లు తినే పక్షి, చిగురూ కూతా ఒకే కాలంలో రావడంతో ఆ పొరపాటు పడ్డాం. అలాగే వానలు దాటాక ఎటో వెళ్లిపోయిందనుకుంటారు గానీ చాలావరకు ఇక్కడే ఉంటుంది, పెద్దగా కూయదు అంతే.