రిసార్టు ముందున్న బీచ్‌లో బయటివాళ్లు తిరగవచ్చా, పిల్లలను నీళ్లలోకి దింపవచ్చా?

కావలి నుంచి డిసెంబరులో కుటుంబంతో అండమాన్ వెళ్తున్నామని రాశారు. స్వరాజ్ ద్వీప్‌లో (పాత పేరు హావ్‌లాక్) అద్దె తక్కువని తీరానికి దూరంగా గది తీసుకుంటున్నారు. పెద్ద రిసార్టుల ముందున్న ఇసుకలోకి వెళ్తే ఆపుతారా అని ఒక ప్రశ్న. మన కావలి దగ్గరి తుమ్మలపెంట బీచ్ అలలతో పోలిస్తే అక్కడి నీళ్లు చెరువులా ఉంటాయట, ఈత రాని పిల్లలు దిగవచ్చా అని రెండోది. నేను నెల్లూరువాడిని, మా అమ్మానాన్నలతో అక్కడికి వెళ్లి వచ్చాను. నాకు అర్థమైనంతలో ఎవరూ ఆపని బీచ్‌లోనే ఈత కూడా క్షేమం. అందుకని రిసార్టు ముందు దిగే భాగ్యం కోసం మూడింతల అద్దె కట్టనక్కరలేదు.

ముందు హక్కు సంగతి. మన దేశంలో సముద్రతీరం ఎవరి సొంతమూ కాదు. నదులు, తీరాల వంటివి ప్రజల తరఫున ప్రభుత్వం కాపాడవలసిన ఆస్తులని సుప్రీంకోర్టు కమల్‌నాథ్ కేసులోనే (బియాస్ నది ఒడ్డున ఒక రిసార్టు మీద వచ్చిన కేసు) చెప్పింది. గోవాలో వైంగినిమ్ బీచ్‌కు జనం ఎప్పటినుంచో నడిచే దారిని ఒక పెద్ద హోటలు కట్టడంతో మూసేస్తే, ఆ దారి తిరిగి తెరవాల్సిందేనని 2009లో తీర్పు ఇచ్చింది. ప్రధాన భూభాగానికి 2011లో ఇచ్చిన తీర నియంత్రణ నోటిఫికేషన్‌లో (తీరం దగ్గర కట్టడాలపై కేంద్రం నిబంధనలు) అయితే రెండు రిసార్టుల మధ్య కనీసం 20 మీటర్ల దారి వదలాలని రాసే ఉంది. అండమాన్ దీవులకు విడిగా నిబంధనలు ఉన్నాయి.

అయితే ఇసుక అందరిదే అయినా ఇసుక దాకా వెళ్లే ప్రతి దారీ అందరిదీ కాదు. తీరం వెనకున్న స్థలం రిసార్టుది. మా లాబీలోంచి వెళ్లవద్దంటే అది వాళ్ల ఇష్టం. మేము విజయనగర్ బీచ్‌లో (5వ నంబరు అంటారు) జనం దిగే దారిలో దిగి తీరం వెంట నడుస్తుంటే, ఒక రిసార్టు ముందు కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. గెస్టులకు మాత్రమేనట. మా నాన్న తెలుగులోనే "సముద్రానికి కూడా గేటా నాయనా?" అని అడిగాడు. అతనికి భాష తెలియకపోయినా భావం అందినట్టుంది, నవ్వాడు. మీ కుర్చీల్లో కూర్చోము, గొడుగుల కిందికి రాము, తడి ఇసుక మీద నడిచిపోతాము అని నేను హిందీలో చెప్పాక పక్కకు తప్పుకున్నాడు. కుర్చీలు, గొడుగులు, ఊయలలు వాళ్లవి. వాటి జోలికి పోకుండా మర్యాదగా మాట్లాడితే చాలావరకు గొడవ ఉండదు.

ఇక్కడ ఒక చిక్కుంది. పోటు మీద ఉన్నప్పుడు అక్కడి నీళ్లు దాదాపు చెట్ల మొదళ్ల దాకా వస్తాయి, నడవడానికి తడి ఇసుకే మిగలదు. ఆటు వేళకు నీళ్లు బాగా వెనక్కిపోయి రాళ్లూ పగడపు దిబ్బలూ బయటపడతాయి, అప్పుడు నడవవచ్చు గాని ఈదలేరు. కాబట్టి దిగిన రోజునే ఆటుపోట్ల వేళలు గది యజమానిని అడిగి రాసుకోండి. రోజూ వేళ జరుగుతుంటుంది, నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు.

ఇక ఈత. మన తీరంలో అల ఒడ్డుకు దగ్గరగా వచ్చి విరుగుతుంది, చూడగానే భయం వేస్తుంది. అయినా 2025 జనవరిలో సంక్రాంతి సెలవులకు సింగరాయకొండ దగ్గర పాకల బీచ్‌లో దిగినవాళ్లలో ముగ్గురు కొట్టుకుపోయి చనిపోయారు. దీవుల్లో చూస్తే ఆ భయం కూడా కలగదు. పగడపు దిబ్బ అలలను దూరంగానే విరిచేస్తుంది, లోపల నీళ్లు కదలనట్టే కనిపిస్తాయి. కానీ ఆటు మొదలైనప్పుడు లోపలి నీళ్లన్నీ దిబ్బ మధ్యలో ఉన్న సందుల గుండా బయటికి పోవాలి, ఆ సందుల దగ్గర లాగుడు గట్టిగా ఉంటుంది. మోకాలి లోతు ఒక్కసారిగా తలమునకలయ్యే చోట్లు కూడా ఉంటాయి. పగడాలు కోసుకుంటే గాయం తొందరగా మానదు. వాటి మీద నిలబడితే అవీ చచ్చిపోతాయి.

నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌లో ఒక పెద్దాయన, చేపల వేటకు పోయే మనిషి, నాకు చెప్పిన గుర్తు ఎక్కడైనా పనికొస్తుంది: రెండు పక్కలా అల తెల్లగా విరుగుతూ మధ్యలో విరగని చోటు కనిపిస్తే అక్కడ దిగవద్దు. నీళ్లు వెనక్కి పోయే దారి అదే. ఈత రానివాళ్లు ముందు ఆ చోటుకే వెళ్తారు, ప్రశాంతంగా ఉందని. ఒకవేళ లాగితే ఒడ్డుకు ఎదురీదకండి, తేలుతూ ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంట దూకకుండా తేలే వస్తువు ఏదైనా విసిరి కేకలు వేయాలి.

మొసళ్ల మాట ఎవరూ ముందు చెప్పరు, నేను చెబుతాను. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో స్వరాజ్ ద్వీప్‌లోనే రాధానగర్ బీచ్ పక్కనే ఉన్న నీల్స్ కోవ్‌లో ఒక అమెరికా పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే చోట్ల ఎంత అందంగా ఉన్నా దిగకండి. హెచ్చరిక బోర్డు ఉంటే దాని ముందు ఫోటో దిగి వెనక్కి రండి.

అందుకే స్నానానికి నా ఓటు రాధానగర్‌కే. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన ప్రభుత్వ బీచ్ అది. అడుగున ఇసుక, ఒడ్డున గజ ఈతగాళ్లు, విజిల్ వేస్తే బయటికి రావలసిందే. చాలా రిసార్టుల్లో కాపలా మనిషి గేటు దగ్గర ఉంటాడు గాని నీళ్ల దగ్గర ఉండడు. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ అలలు పెద్దవి, డిసెంబరులో తగ్గుతాయి. అయితే రాధానగర్ పడమటి ముఖంగా ఉంటుంది, డిసెంబరు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. అంటే గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు తోస్తుంది. పిల్లలను గాలి ట్యూబులో కూర్చోబెట్టి వదిలేస్తే అది మెల్లగా లోపలికి పోతుంది. ఒంటికి కట్టే లైఫ్ జాకెట్ వేయించండి, అదీ మీ చెయ్యి అందే దూరంలోనే. ఆడవాళ్లు చీరతో దిగవద్దు, తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది. కార్తీక స్నానాలకు మైపాడులో ఇది మాకు ఏటా కనిపించేదే. మందు తాగిన బావగారు ఎవరైనా మీ బృందంలో ఉంటే ఆయనను ఇసుకలోనే కూర్చోబెట్టండి.

ఇదంతా మన దేశం మాట. మాల్దీవుల్లో రిసార్టు అంటే దీవి మొత్తం లీజుకు తీసుకున్నదే, డే పాస్ లేకుండా కాలు పెట్టనివ్వరు. మారిషస్‌లో మళ్లీ తీరం అందరిదీ.

డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది. ఆ లోపే నీళ్లలోంచి బయటపడండి. ఓడలు ఆగే రేవు నుంచి రాధానగర్ సుమారు 12 కిలోమీటర్లు, చీకటి పడ్డాక ఆటోలు దొరకడం కష్టం. వెళ్లేటప్పుడే తిరుగు ప్రయాణానికి కూడా డ్రైవరుతో మాట్లాడుకోండి. అత్యవసరానికి 112, సముద్రంలో ఆపద అయితే కోస్ట్ గార్డ్ 1554. ఇంకేమైనా కావాలంటే కింద అడగండి.