అడవి అంచు చేను: ఫైర్‌లైన్ ఎలా వేయాలి?

ప్రశ్న: మా చేను అమ్రాబాద్ అడవిని ఆనుకుని ఉంది. పోయిన వేసవిలో మంట గట్టు దాటొచ్చి గడ్డివాము కాలిపోయింది. ఫైర్‌లైన్ (మంట దాటకుండా ఆకు, గడ్డి తీసేసి మట్టి తేల్చిన పట్టీ) ఎంత వెడల్పు, ఎప్పుడు వేయాలి?
– ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: కనీసం 10 అడుగులు. అడవి వైపు గడ్డి నడుమెత్తు ఉంటే 15 అడుగులు. వెడల్పు కన్నా ముఖ్యం, మట్టి తేలాలి. పైఆకు ఊడ్చి వదిలేస్తే గడ్డి దుబ్బులు, సగం కుళ్లిన ఆకు మిగులుతాయి. నిప్పు వాటి మీదుగా పాకుతుంది. పొదలు కొట్టి, పారతో చెక్కండి. చదును నేలైతే ట్రాక్టర్‌తో రెండు సాళ్లు దున్నినా చాలు. చెక్కిన చెత్తను అడవి వైపు కుప్ప పోయొద్దు, అంటుకుంటే మంట ఎత్తుగా లేస్తుంది. చేలోకి తెచ్చి ఎరువు గుంతలో వేయండి.

జనవరిలో వేసి చేతులు దులుపుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు. టేకు ఆకు ఆ తర్వాత కూడా రాలుతూనే ఉంటుంది, ఫిబ్రవరి చివరికి మీ లైన్ మళ్లీ ఆకుతో నిండిపోతుంది. వానలు పడేదాకా 15 రోజులకోసారి ఊడవాల్సిందే. చేను గుట్ట కింద ఉంటే కాలుతున్న దుంగ దొర్లి వస్తుంది. లైన్ వెంట అడుగు లోతు కాలువ తీసి, మట్టి చేను వైపు పోయండి. లైన్ పక్కనున్న ఎండుచెట్టు అటవీ భూమిలోదైతే మీరు కొట్టకండి, బీట్ ఆఫీసర్‌కు (మీ వైపు అడవిని చూసే అటవీ శాఖ ఉద్యోగికి) చెప్పండి.

ఎంత మంచి లైనైనా గాలికి ఎగిరొచ్చే రవ్వను ఆపదు. కాబట్టి వామును గట్టు దగ్గర వేయకుండా చేను మధ్యకు, మోటారు దగ్గరికి మార్చండి.

ప్రశ్న: ఇప్పపువ్వు ఏరేందుకు చెట్టు కింద ఆకు కాలిస్తే తప్పేంటి?

జవాబు: మీరు ఆర్పి వెళ్లినా మోడులో నిప్పు దాగుంటుంది, మధ్యాహ్నం గాలికి రాజుకుంటుంది. ఇప్ప మొలకలూ మాడిపోతాయి. ఆకు ఊడ్చి, పాత చీరలు కలిపి కుట్టి, నాలుగు కర్రలకు 3 అడుగుల ఎత్తున కట్టండి. తెల్లవారుజామున రాలే పువ్వుకు మట్టి అంటదు. అభయారణ్యంలో నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ ప్రకారం నేరం కూడా.

ప్రశ్న: మంట కనిపిస్తే ఊరివాళ్లం వెళ్లి ఆర్పవచ్చా?

జవాబు: ముందు బీట్ ఆఫీసర్‌కు, అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి. అడవి మంటలను పసిగట్టే ఉపగ్రహం రోజులో కొన్నిసార్లే ఆ ప్రాంతం మీదుగా వెళ్తుంది, మధ్యలో పుట్టిన మంట ముందు కనబడేది మీకే. మంట మోకాలెత్తు దాటితే దగ్గరికి పోవద్దు. చిన్నదైతే పక్కల నుంచి, పచ్చికొమ్మతో నేలకు అదిమి లాగండి. ఎత్తి కొడితే రవ్వలు చెదురుతాయి. నూలు బట్టలే వేసుకోండి, నైలాన్ కరిగి ఒంటికి అంటుకుంటుంది.

మంటకు పైవాలున ఎన్నడూ నిలబడొద్దు. నిప్పు ఏటవాలు ఎక్కేటప్పుడే వేగం పుంజుకుంటుంది. 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవారిని చుట్టుముట్టి, 20 మందికి పైగా ప్రాణాలు తీసింది గడ్డి మంటే. చిక్కుకుంటే అప్పటికే కాలి నల్లబడ్డ నేల మీదికి చేరండి. ఆరిందనుకున్నాక దుంగల దగ్గర చేతి వెనకభాగం పెట్టి చూడండి. వేడి తగిలితే నీళ్లు పోసి, మట్టి కలిపి, మళ్లీ చూడండి.