గ్రిలికస్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికా ఆర్థికవేత్త జ్వీ గ్రిలికస్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. చాలా కష్టపడ్డావు, ఆ సంగతి తెలుస్తూనే ఉంది. కానీ 1965లో యువ ఆర్థికవేత్తలకిచ్చే క్లార్క్ పతకం, 1969లో హార్వర్డ్, 1993లో అమెరికన్ ఎకనమిక్ అసోసియేషన్ అధ్యక్ష పదవి అని వరసగా పేర్చుకుంటూ పోతే అది బయోడేటా అవుతుంది. ఉత్పాదకత పెరిగిందంటున్నాం సరే, మనం కొలిచింది నిజంగా దాన్నేనా? ఈ ప్రశ్నను ఆయన నలభై ఏళ్లు వదల్లేదు. నీ వ్యాసం కూడా దాని వెంటే నడవాలి.

మొక్కజొన్నతో మొదలుపెట్టు. హైబ్రిడ్ విత్తనం గురించి మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. అది అమెరికాలోని అయోవా రాష్ట్రంలో చకచకా పాకి అలబామాలో ఎందుకు ఆలస్యమైందన్నది 1957లో ఆయన వేసుకున్న ప్రశ్న. రైతు వెనకబాటుతనం అని సరిపెట్టుకోకుండా లాభం లెక్క చూశాడు: విత్తన కంపెనీలు గిరాకీ ఉన్న చోటికే ముందు వెళ్లాయి, ఎక్కువ లాభం కనిపించిన చోట రైతులు కూడా త్వరగా మారారు. నాకు ఆయన మీద గౌరవం పుట్టింది ఇక్కడే.

సరిగ్గా అదే ఏడాది ఆర్థికవేత్త రాబర్ట్ సోలో, 1909 నుంచి 1949 దాకా అమెరికాలో గంట పనికి వచ్చే ఉత్పత్తి రెట్టింపైందనీ, అందులో ఎనిమిదింట ఏడు వంతులు పెట్టుబడి పెరగడం వల్ల కాదు, సాంకేతిక మార్పు వల్లేననీ తేల్చాడు. అంతకు ఏడాది ముందే మరో ఆర్థికవేత్త మోజెస్ అబ్రమొవిట్జ్, పని, పెట్టుబడి లెక్కేశాక కూడా వివరణకు అందకుండా ఇలా మిగిలిపోయే భాగాన్ని మన అజ్ఞానానికి కొలత అన్నాడు. గ్రిలికస్ అక్కడితో ఊరుకోలేదు. పనివాళ్ల చదువు, యంత్రాల నాణ్యత, పరిశోధన ఖర్చు, ఇవన్నీ సరిగా లెక్కేస్తే ఆ మిగులు ఎంతకు దిగుతుందో చూడాలనుకున్నాడు. 1967లో డేల్ జోర్గెన్సన్‌తో కలిసి దాదాపు అంతా వివరించేశామన్నాడు. ఇంకో ఆర్థికవేత్త ఎడ్వర్డ్ డెనిసన్ ఆ లెక్కలు తీసి, యంత్రాలను ఎంతసేపు వాడుతున్నారన్నదానికి చేసిన సర్దుబాటు నిలవదని చూపించాడు. వీళ్లు సవరించారు, మిగులు మళ్లీ పెరిగింది. నువ్వు ఈ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు! దయచేసి ఇక్కడ ఆగు, ఒక పేజీ ఇవ్వు. పేరు తెచ్చిన అంకెను నలుగురి ముందూ దిద్దుకోవడం ఏ రంగంలోనైనా అరుదు.

కార్ల ధరల పని (1961) క్లుప్తంగా చాలు. ధర పెరిగింది నిజమే, కానీ కారు బరువు, గుర్రపు శక్తి కూడా పెరిగాయి కదా, అది పోగా అసలు పెరుగుదల ఎంత అన్నదే విషయం. 1996లో ఆయన సభ్యుడిగా ఉన్న, ధరల కొలతను పరిశీలించిన బోస్కిన్ కమిషన్, అమెరికా వినియోగదారుల ధరల సూచీ ఏడాదికి 1.1 శాతం పాయింట్లు ఎక్కువ చూపిస్తోందని చెప్పింది. ఈ రెండూ పక్కపక్కన పెడితే లింకు దానంతటదే తెలుస్తుంది.

ఇక డాకౌ. 1930లో లిథువేనియాలోని కౌనస్‌లో పుట్టిన గ్రిలికస్ ఆ నాజీల శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డాడన్నది రెండు వాక్యాల్లో, విశేషణాలు లేకుండా రాయి. ఆ బాధ వల్లే అంకెల్లోకి వెళ్లాడని ఊహించి రాయకు. అది మనం అనకూడని మాట.

1994లో అచ్చైన ఆయన అధ్యక్ష ప్రసంగం నీ వ్యాసంలో అసలు లేదు, చేర్చు. రెండో ప్రపంచ యుద్ధం అయిన కొత్తలో ఆర్థిక వ్యవస్థలో సగం దాకా సరిగా కొలవగలిగేవాళ్లం, 1990 నాటికి అది మూడో వంతు కన్నా తగ్గిందని అందులో అన్నాడు. పని సేవారంగాల వైపు జరిగింది, కొలతలు అక్కడికి చేరలేదు.

1967 వ్యాసం, డెనిసన్ విమర్శ, వాళ్ల జవాబు మూడూ పట్టికలతో సహా చదివి మళ్లీ రాయి. ఎక్కడైనా అర్థం కాకపోతే రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ చెయ్యి, కూర్చుని చూద్దాం.

మీ అన్నయ్య