పాఠకుల ప్రశ్నలు: బాస్కెట్‌బాల్ కొలువు ఎన్నేళ్లు?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు, ఆరడుగుల మూడంగుళాలు. ఇంటర్ రెండో ఏడాది. చదువు ఆపేసి బాస్కెట్‌బాల్‌లోనే స్థిరపడతానంటున్నాడు. దూకినప్పుడల్లా మోకాలి చిప్ప కింద నొప్పి. ఏం చేయాలి?
- ఓ తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: చదువు మాత్రం ఆపనివ్వకండి. పంజాబ్ కుర్రాడు సత్నాం సింగ్ భామరా ఏడడుగుల రెండంగుళాల మనిషి. అమెరికాలోని పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే 2015 డ్రాఫ్ట్‌లో డల్లాస్ మావెరిక్స్ జట్టు అతణ్ని 52వ ఆటగాడిగా ఎంచుకుంది. మన దేశం నుంచి ఆ పిలుపు అందుకున్న తొలి ఆటగాడు. అయినా ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడలేదు, చిన్న లీగ్ దగ్గరే ఆగిపోయాడు. 2019లో డోప్ పరీక్షలో హైజెనమైన్ అనే నిషేధిత పదార్థం బయటపడి రెండేళ్ల నిషేధం, ఆ తర్వాత రెజ్లింగ్. 2002 డ్రాఫ్ట్‌లో మొదటి ఆటగాడిగా ఎంపికైన చైనా ఆటగాడు యావో మింగ్ అంతటివాడే పాదం ఎముకలు పదేపదే విరిగి 30 ఏళ్లకే తప్పుకున్నాడు.

ఇక మోకాలు. చిప్పనీ కాలి ఎముకనీ కలిపే నరంలాంటి పట్టీ మీద, దూకుళ్ల భారం కోలుకునే వ్యవధి లేకుండా పడితే ఈ నొప్పి వస్తుంది. సిమెంటు కోర్టులో రోజూ ఆడేవాళ్లకి మరీ. పూర్తిగా పడుకోబెట్టకండి, పట్టీ ఇంకా బలహీనపడుతుంది. దూకడం మాత్రం తగ్గించాలి, గట్టిగా దూకిన రోజుకీ మళ్లీ దూకే రోజుకీ 48 గంటలు ఎడం ఉండాలి. గోడకి వీపు ఆనించి, కుర్చీలో సగం కూర్చున్నట్టు 45 సెకన్లు నిలబడాలి. అలా ఐదుసార్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. నొప్పి పదికి మూడు దాటకూడదు. మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు నిన్నటికంటే ఎక్కువ నొప్పి ఉంటే భారం మించిందన్నమాట, తగ్గించండి. నొప్పి కుదుటపడ్డాక నెమ్మదిగా గుంజీలు: మూడు సెకన్లు కిందికి, మూడు సెకన్లు పైకి. దూకడం అన్నిటికంటే చివర్న. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా ఎముకల డాక్టరుకి చూపించాలి. మ్యాచ్ ముందు నొప్పి మాత్ర వేసుకుని ఆడటం అన్నిటికంటే ప్రమాదం. నొప్పి తెలియదు, దెబ్బ పెరుగుతుంది.

రైల్వేల్లో స్పోర్ట్స్ కోటా కొలువులున్నాయి. వాటికీ చదువు అర్హత అడుగుతారు, జిల్లా సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. రాష్ట్రం తరఫున ఆడినట్టు ఇచ్చిన కాగితాలన్నిటి ఒరిజినల్స్ దాచండి.

జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడి డబ్బా తాగనివ్వకండి. హైజెనమైన్‌ని డబ్బా మీద నార్‌కోక్లారిన్ అని కూడా రాస్తారు, అది కొన్ని మొక్కల సారాల్లోనూ ఉంటుంది.