డాక్టర్ సలహా: ప్రొటీన్ పౌడర్ తాగితే పళ్ల ఎనామెల్ మళ్లీ వస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. నాంపల్లి మండలంలో నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. రెండేళ్లుగా ముందరి పై పళ్ల అంచులు పల్చబడ్డాయి, వెనక వేలు పెడితే ఇవతలికి నీడలా కనబడుతోంది. చల్లనీళ్లు తాగినా, కల్లు తాగినా జివ్వుమంటున్నాయి. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ గీతలు ఉన్నాయి కాబట్టి ఫ్లోరైడ్ లేని పేస్టే వాడుతున్నా. గొర్రె ఉన్నిలోని ప్రొటీన్‌తో ఎనామెల్ తిరిగి వస్తుందని ఫోన్‌లో చూశాను. జిమ్‌కు పోయే మా మేనల్లుడు ప్రొటీన్ పౌడర్ డబ్బా తెచ్చి పెట్టాడు. తాగితే పళ్లు బాగవుతాయా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

సలహా: బాగవ్వవండీ. పౌడర్ కడుపులోకి పోతుంది, అరిగి రక్తంలో కలుస్తుంది. పంటిని పైన కప్పి ఉండే గట్టి కవచమే ఎనామెల్, దానిలో రక్తనాళాలే లేవు. దాన్ని కట్టిన కణాలు పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేనాటికే పోతాయి. బరువులో 96 శాతం దాకా ఖనిజమే ఉండే పొర అది. ఒకసారి కరిగిపోయిన మందాన్ని గుడ్లు తిన్నా, పౌడర్ తాగినా శరీరం మళ్లీ కట్టలేదు.

అయినా పంటిని ఆమ్లం నుంచి ప్రొటీన్ కాపాడుతుందన్న మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ ప్రొటీన్ పంటి మీద ఉండాలి. అది మీ నోట్లోనే ఉంది. లాలాజలంలోని కొన్ని ప్రొటీన్లు, శుభ్రంగా ఉన్న పంటికి నిమిషాల్లోనే అతుక్కుని పల్చటి పొరగా ఏర్పడతాయి. వెంట్రుక మందంలో యాభయ్యో వంతు కూడా ఉండదు. పులుపు తగిలినప్పుడు ఆమ్లాన్ని నేరుగా పంటి మీద పడనీయకుండా కాసేపు ఆపేది ఆ పొరే. లాలాజలంలోని కాల్షియాన్ని పంటి దగ్గర నిలిపి ఉంచే పనీ ఈ ప్రొటీన్లు చేస్తాయి.

మీరు రాయలేదు గానీ, మీ పొద్దుటి పని నేను ఊహించగలను. లేవగానే గట్టిగా బ్రష్ చేస్తారు, ఆ పొర ఊడుతుంది. వెంటనే తోటకు పోతారు. కాయ పక్వానికి వచ్చిందో లేదో చూడటానికి ఒకటి కోసి ముందరి పళ్లతో చీకుతారు. పక్క చెట్టు దగ్గర ఇంకొకటి. బేరగాడు వస్తే అతనితో పాటు మరో రెండు. బత్తాయి తియ్యగానే ఉంటుంది కదా అనుకోకండి. తీపి పులుపును కప్పేస్తుంది, ఆమ్లం మాత్రం ఉంటుంది. ఆమ్లాన్ని కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట. నోట్లో పీహెచ్ 5.5 కంటే కిందికి దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం 2కు కాస్త పైన, కూల్‌డ్రింకులు 2.5 చుట్టుపక్కల ఉంటాయి. బత్తాయి అంత ఘాటు కాదు. ఒక్క కాయతో ఏమీ కాదు, రోజంతా కాస్త కాస్తగా చీకడంతోనే నష్టం. పైగా ఎండలో చెమట పోసి నోరు ఎండిపోయి ఉంటుంది. లాలాజలమే లేనప్పుడు ఆ ప్రొటీన్లు ఎక్కడి నుంచి వస్తాయి? కల్లు కూడా పొద్దెక్కి పులిసేకొద్దీ ఆమ్లమే.

తోట మానేయమని చెప్పను. తోటకు పోయేటప్పుడు బాటిల్ నీళ్లు పట్టుకుపోండి. ముందు రెండు గుక్కలు తాగి నోరు తడిపాకే కాయ రుచి చూడండి, చూశాక మళ్లీ నీళ్లతో పుక్కిలించండి. చీకొద్దు, తొన వలుచుకుని వెనక పళ్లతో నమలండి. పులుపు తిన్నాక కనీసం అరగంట బ్రష్ జోలికి పోవద్దు, మెత్తబడిన పైపొర బ్రష్‌తో గీసుకుపోతుంది. బొగ్గుపొడి, గరుకు పళ్లపొడి ఉంటే ఇవాళే పక్కన పడేయండి. రాత్రి బ్రష్ చేశాక మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది.

పాల సంగతి వేరు. పాలలోని కేసీన్ ప్రొటీన్ పంటి మీది ఆ లాలాజలపు పొరలో కలిసి దాన్ని గట్టిపరుస్తుంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు కేసీన్ ముక్కలకు కాల్షియం, ఫాస్ఫేట్ జోడించి తయారుచేసిన పదార్థం ఇప్పుడు క్రీముగా దొరుకుతోంది. రాత్రి బ్రష్ చేశాక వేలితో పళ్లకు రాసి, మూడు నిమిషాలు ఉంచి, మిగిలింది ఉమ్మేసి, కడుక్కోకుండా పడుకోవాలి. జివ్వుమనడం కొందరికి తగ్గుతుంది. పాల ప్రొటీన్ పడనివాళ్లు మాత్రం ముట్టుకోకూడదు. ఇది పేస్టుకు తోడే, పేస్టుకు బదులు కాదు. పెరుగు కూడా పులుపే కదా అని నా దగ్గరికి వచ్చేవాళ్లు అడుగుతుంటారు. దానిలో కాల్షియం, ఫాస్ఫేట్ దండిగా ఉంటాయి, అందుకే పంటిని అంతగా కరిగించదు. మజ్జిగ నిశ్చింతగా తాగండి, నిమ్మకాయ పిండకుండా.

ఉన్ని మాటా నిజమే. లండన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు ఉన్నిలోని కెరాటిన్ అనే ప్రొటీన్‌తో పంటి మీద ఎనామెల్ లాంటి పొర ఏర్పడేలా చేశామని 2025లో ప్రకటించారు. బ్రెజిల్‌లో సావో పాలో విశ్వవిద్యాలయం వాళ్లు చెరకు నుంచి వచ్చిన ఒక ప్రొటీన్‌తో ప్రయోగాలు చేస్తున్నారు. పాలమూరు గొంగడి ఉన్నికి ఇలాంటి గిరాకీ వస్తే నాకూ సంతోషమే. కానీ మీరు ఆ వీడియో చూసి దుకాణానికి పోతే కొనడానికి ఇంకా ఏమీ లేదు.

ఇక ఫ్లోరైడ్. మన జిల్లాలో ఈ పేరు వింటేనే భయం, అందులో తప్పులేదు. ఆ నీళ్లు ఎన్ని నడుములు వంచాయో మనకు తెలుసు. ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరీ సంస్థ పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. కానీ మీ పళ్ల గీతలు చిన్నతనంలో, పళ్లు చిగురు లోపల తయారవుతున్నప్పుడు తాగిన నీళ్లతో వచ్చినవి. నలభై దాటాక పేస్టు పూసి ఉమ్మేస్తే కొత్త గీతలు రావు. పైగా ఆమ్లానికి తట్టుకునే బలం పంటి పైపొరకు ఇచ్చేది ఆ ఫ్లోరైడే. కాబట్టి ఫ్లోరైడ్ ఉన్న పేస్టుకు మారండి. స్టానస్ ఫ్లోరైడ్ రకం దొరికితే అరుగుదలకు ఇంకా మంచిది. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే బియ్యపు గింజంత, ఆరేళ్లలోపు వాళ్లకు బఠాణీ గింజంత, అదీ మీ కళ్లముందే ఉమ్మించండి.

ఇంకొకటి అద్దంలో చూసుకోండి. దవడ పళ్లలో పాత వెండి ఫిల్లింగ్ ఏదైనా ఉంటే, అది చుట్టూ ఉన్న పన్ను కంటే ఎత్తుగా, చెరువులో బండలా తేలి కనిపిస్తోందా? అలా ఉంటే పన్ను బాగానే కరిగింది. పై పళ్ల లోపలి వైపు నున్నగా అరిగి, పొద్దున లేవగానే నోరు పుల్లగా ఉంటే కడుపులోని ఆమ్లం పైకి తన్నుతోందేమో ఫిజీషియన్‌కు చూపించండి. ముందరి పళ్ల అంచులు అంత పల్చబడ్డాయంటే పెచ్చు లేవకముందే డెంటిస్ట్ దగ్గర పంటి రంగు కాంపోజిట్‌తో కప్పించుకోవడం మేలు. ఈ నెలలోనే వెళ్లండి. పౌడర్ డబ్బా మీ మేనల్లుడికే ఇచ్చేయండి.